ఘటకంఠుడి కొలువులో మాటల జల్లెడ

మూడు పగళ్ళు నడిచిన కొండ నాలుగో పగలు పొద్దు పొడిచిన కాసేపటికే ఆగింది.

ఆగినప్పుడు దాని చుట్టూ లేచిన ఎర్రదుమ్ము తాటిచెట్టు ఎత్తున నిలబడి, ఒక ఘడియ సేపు దిగలేదు. దిగాక చూస్తే కొండ కొండలాగే ఉంది. ఒంటినిండా తుమ్మలు, బండరాళ్ళు, వాగుచాళ్ళు. శిఖరాన రెండు నల్లటి బండలు మెలితిరిగి ఆకాశంలోకి పొడుచుకుపోయాయి. ఆ రెంటి నడుమ ఘటకంఠ మాంత్రికుడి కోట మెరుస్తోంది. కొండ కింద ఏముందో అడవి కప్పేసింది.

తంగేడు పొదలో బోర్లా పడుకుని ఇద్దరు ఆ కొండను చూస్తున్నారు.

ఒకడు బాచన. మణిమంత రాజ్యంలో జల్లెడ కొలువు వాడు. ఆ రాజ్యంలో తాతల కాలం నుంచి ఒక ఆచారం ఉంది. రాజు ముందు ఎవరు ఏ మాట చెప్పుకున్నా, ముందు దాన్ని జల్లెడ కొలువు వాడు జల్లించాలి. "మా పేటలో ఆకలి పులిలా తిరుగుతోంది" అని ఎవడైనా మొరపెట్టుకుంటే బాచన లేచి "ఉపమ" అంటాడు. రాజు వేటగాళ్ళను కాక ధాన్యపు బళ్ళను పంపుతాడు. "మా గ్రామాధికారి జలగ" అంటే "రూపకం". "సముద్రమంత కన్నీరు కార్చాం" అంటే "అతిశయోక్తి". ఏ అలంకారమూ లేని మాట అయితే "సూటిమాట". ఆ మాట వినపడ్డాక రాజు సింహాసనం మీద కూర్చుని ఉండకూడదు. లేచి పనికి పూనుకోవాలి. బాచన కుమ్మరింట పుట్టి, తాటాకు మొహం ఆలస్యంగా చూసి, పండితులందరికంటే పై పీట సంపాదించినవాడు. పన్నెండేళ్ళలో ఒక్క మాట తప్పలేదని అతని నడకే చెప్పేది.

రెండో మనిషి గౌరసాని. ఎల్లల్లో గొర్రెలు కాసుకునేది. ఆరు నెలల కిందట నాలుగు రోజులు నడిచి సభకు వచ్చి, "మా ఊరి పక్కనున్న కొండ లేచి నడిచొస్తోంది దొరా, మందను కాపాడు" అంది. బాచన ఆమె మొహం వైపు పూర్తిగా తిరగనైనా తిరగకుండా "అతిశయోక్తి" అన్నాడు. సభ నవ్వింది. రాజు రెండు చీరలిప్పించి పంపాడు. ఆమె ఇల్లు చేరేసరికి మంద లేదు. మంద దగ్గర పడుకున్న మొగుడు లేడు. ఒకరి మీద ఒకరు నిలబడ్డా అంచు అందని లోతున ఒక అడుగుజాడ ఉంది.

పక్షం కిందట అదే కొండ, వేటకు వెళ్ళిన యువరాజు హేమకేతుణ్ణి ఎత్తుకుపోయింది. సభ నవ్వు అప్పుడు ఆగింది.

బాచనకు రాజు ఆజ్ఞ రెండు ముక్కలే. "పౌర్ణమి లోపు నా కొడుకుతో రా. రాలేకపోతే నీ నాలుక నాకు పంపు." పౌర్ణమి రేపు. కొండ జాడ తీయడం తెలిసినది గౌరసాని ఒక్కతే. అడిగితే వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పలేదు. బాచన అడగలేదు.

"చూశావా జల్లెడయ్యా?" అంది గౌరసాని, గడ్డిపరక నములుతూ.

"చూశాను అక్కా."

"నడిచిందా?"

"నడిచింది."

"మరి దీన్ని ఏమంటారు మీ పీటల మీద?"

అంతలో కొండవాలు నుంచి డప్పు మోత వినిపించింది. బక్కచిక్కిన దండోరావాడు ఒకడు కర్ర ఊతంతో కుంటుతూ దిగుతున్నాడు.

"వినండహో! ఘటకంఠ ప్రభువుకు మాటలు జల్లించే మొనగాడు కావాలహో! నెగ్గినవాడికి బంగారు పీట! ఓడినవాడు చండశిల భూతం పాలు! ఇప్పటికి పదకొండుమంది వచ్చారహో! పదకొండుమందీ లోపలే ఉన్నారహో!"

గౌరసాని పొదలోంచి లేచి నిలబడింది. "లోపలంటే కోట లోపలా నాయనా?"

"భూతం లోపల" అన్నాడు వాడు. మనిషి కనపడగానే డప్పు కింద పెట్టి కూలబడ్డాడు. "వెళ్ళకండమ్మా. మా ప్రభువుకు ఒక భూతం వశమైంది. ఆయన ఏ మాట అంటే ఆ మాట చేసి చూపిస్తుంది. చిక్కంతా అక్కడే. మొన్న సేనాపతిని మెచ్చుకుని 'నువ్వు నా కుడిభుజం' అన్నాడు. భూతం సేనాపతిని ఎత్తుకొచ్చి ప్రభువు భుజానికి కుట్టబోయింది. వంటవాడితో 'నీ చేతిలో అమృతం ఉందిరా' అన్నాడు. పాపం, వాడి చెయ్యి కోసి వెతికింది. నన్ను చూసి 'వీడికి కాళ్ళకు చక్రాలున్నాయి' అన్నాడు." వాడు పంచె పైకి లాగాడు. రెండు మడమల్లోనూ బండి ఇరుసు దూర్చిన మచ్చలు.

"అయితే ఆయన నోరు మూసుకోవచ్చుగా?" అంది గౌరసాని.

"ఎలా మూసుకుంటాడమ్మా! ఆయన కవి."

బాచన లేచి దుమ్ము దులుపుకున్నాడు. అతని కళ్ళలో పన్నెండేళ్ళ పీట మళ్ళీ కనిపించింది. "అక్కా, యువరాజు ఉన్న గదికి కత్తి పట్టుకుని వెళితే దారి లేదు. నా నాలుక పట్టుకుని వెళితే తలుపు వాళ్ళే తీస్తారు."

"నీ నాలుక సంగతి నాకు తెలుసు" అంది ఆమె.

వాగు ఒడ్డున మీసం గొరుక్కుని, నుదుట అడ్డంగా గంధం పూసుకుని బాచన దక్షిణదేశపు పండితుడయ్యాడు. పేరు శబ్దవేది. గౌరసాని వెంట తెచ్చుకున్న పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని అతని వంటమనిషి అయింది. ఇద్దరూ దండోరావాడి వెంట కొండెక్కారు.

*

ఘటకంఠుడి సభామంటపం చూసినవాళ్ళు దాన్ని మరిచిపోరు. నూటెనిమిది నల్లరాతి స్తంభాలు. స్తంభం స్తంభానికీ నోరు తెరిచిన మకరాలు, మకరం మకరం నోట ఆరని నీలిమంట. పైకప్పుకు వేలాడే పగడాల గుత్తులు, కింద నెమలికంఠం రంగు చలువరాయి. గాలి వీస్తే గుగ్గిలం, జవ్వాది, వాటి వెనక ఎండు నెత్తురు వాసన. నడుమ ఏనుగుదంతాల గద్దె. గద్దె మీద మాంత్రికుడు. కుండంత గొంతు, ఆ గొంతు చుట్టూ ఎముకల దండ, కళ్ళకు కాటుక, చేతిలో తన పద్యాల తాళపత్రాలు.

గద్దె పక్కన చండశిల భూతం నిలబడి ఉంది. గండశిలకు చేతులు మొలిచినట్టు ఉంది దాని రూపు. గడ్డమంతా నాచు. ఎడమచేతిలో మనిషి నడుమంత లావు గొలుసు. ఆ గొలుసు నేలలోని రంధ్రంలోంచి కిందికి దిగిపోయింది. అది దేన్ని పట్టుకుని ఉందో సభలో ఎవరూ అడగరు.

"నాకు మాట తెలియదు" అంది భూతం, బాచనను చూసి. రాయి మీద రాయి రాసుకున్న గొంతు. "అబద్ధం వాసన తెలుసు. తెలిసి తప్పు చెప్పినవాణ్ణి నేనే తింటాను. తెలియక తప్పు చెప్పినవాణ్ణి ప్రభువు తినమంటాడు. అలంకారం అను, వదిలేస్తాను. సూటిమాట అను, చేసేస్తాను."

"శబ్దవేదీ!" అన్నాడు ఘటకంఠుడు. "తెల్లవారింది మొదలు నా కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి."

భూతం వేలిగోరు కొడవలిలా సాగి అతని బొడ్డు మీదికి వెళ్ళింది.

"నుడికారం" అన్నాడు బాచన తాపీగా. "ప్రభువుకు ఆకలి వేస్తోంది. ఎలుకల్ని వెతక్కండి, అన్నం వడ్డించండి."

గోరు వెనక్కి వచ్చింది. ఘటకంఠుడు బొడ్డు తడుముకుని ముందుకు వంగాడు.

"ఈ మంత్రి మొహం మాడిన పెనంలా ఉంది."

"ఉపమ. మొహం ఉంది, పెనం ఉంది, నలుపు ఉంది, 'లా' అని పోలిక ఉంది. లోటేమీ లేదు."

"వీడు మంత్రి కాదు, నక్క!"

"రూపకం" అని పక్కనున్న పురోహితుడు గొణిగాడు.

"కాదు" అన్నాడు బాచన. "మంత్రి నక్క అంటే రూపకం. మంత్రి కానే కాదని కొట్టేసి నక్కను కూర్చోబెట్టారు ప్రభువు. ఇది అపహ్నుతి. పురోహితులవారు పీట మార్చుకుంటే మంచిది."

సభలో కిసుక్కుమన్నారు. మంత్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాచన వెన్నెముక నిటారైంది. పోటీ మొదలైతే ఆ మనిషికి ఆకలి దప్పులుండవు. ఎదుటివాడు మాంత్రికుడైనా, రాజైనా అతనికి ఒకటే.

"ఆ మబ్బులు నా కీర్తికి పట్టిన గొడుగులేమో!"

"ఉత్ప్రేక్ష. ఊహ అని ప్రభువే ఒప్పుకున్నారు."

"నన్ను చూసి ఈ గోడలు భయంతో గుటకలు మింగుతున్నాయి."

"ప్రాణం లేనిదానికి ప్రాణం పోసిన మాట. గోడలకు గొంతులు పెట్టవద్దు, చండశిలా."

"ఆ ముసలిదాని కుండలో పెరుగు పులిసింది."

బాచన కుండ వైపు చూశాడు. "సూటిమాట."

భూతం చిటికె వేసింది. కుండలోంచి పులిసిన వాసన గుప్పుమంది.

"అయ్యో నీ నోరు పడ! ఇప్పటిదాకా కమ్మగా ఉండె కదయ్యా!" అంది గౌరసాని. "నువ్వెట్టా ఒప్పుకున్నావు పంతులూ?"

"నిజమా అబద్ధమా అన్నది నా జల్లెడకు పట్టదమ్మా" అన్నాడు బాచన. "మాటకు నగ ఉందా లేదా అన్నదే చూస్తాను. ఆ మాటకు నగ లేదు."

ఘటకంఠుడు గద్దె దిగాడు. అతని పెదవి ఒక పక్కకు వంగింది. సభలో ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. పదకొండుమందికీ ఆఖరు మాట ఇప్పుడు రాబోయేదేనని బాచనకు వాళ్ళ తలలే చెప్పాయి.

"నేను కాలితో తడితే ఈ కొండ మోకరిల్లుతుంది."

ఎంత తేలిక! కొండ, మోకాళ్ళు, గొప్ప. నిద్రలో లేపి అడిగినా చెప్పవచ్చు. బాచన నాలుక "అతి" దాకా వచ్చేసింది. స్తంభం దగ్గర గౌరసాని నిలబడి ఉంది. ఆమె సైగ చేయలేదు, కళ్ళు ఆర్పలేదు. ఆ రోజు సభలో నిలబడ్డట్టే నిలబడింది. బాచన ఈసారి ఆమె మొహం వైపు పూర్తిగా తిరిగాడు.

"సూటిమాట" అన్నాడు.

ఘటకంఠుడి మొహం పాలిపోయింది. కాని మాట మాటే. కాలితో నేలను తట్టాడు. భూతం గొలుసు లాగింది. సభామంటపం ముందు వైపు ధడాలున దిగబడింది. మంత్రి, పురోహితుడు, పద్యాల కట్టలు, పళ్ళాలు అన్నీ కలిసి జారుకుంటూ వెళ్ళి గుమ్మానికి కొట్టుకున్నాయి. వెనక భాగం ఒక బిగువుతో ఆగి, తర్వాత దిగింది. నేల అడుగు నుంచి, పాతాళం దగ్గినట్టు, ఒక అరుపు వచ్చింది.

స్తంభాన్ని కావలించుకున్న గౌరసాని చెవి రాతికి ఆనించింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"పొట్టేలు!" అంది బాచన చెవిలో. "ముందుకాళ్ళు మడిచిన తీరు చూడు. ఆ అరుపు చూడు. పైనున్నవి బండలు కావు, కొమ్ములు. గొలుసు దీని ముక్కుకే కట్టుంటాది. నా మొగుణ్ణి తొక్కింది గొర్రెజాతా? నలభై ఏళ్ళు సాకిన జాతా?"

*

బంగారు పీట వేశారు. బాచన ఎక్కి కూర్చున్నాడు. మణిమంత పీట కొయ్యది. దాని కంటే ఇది చల్లగా ఉంది.

"సమయానికి దొరికావు" అన్నాడు ఘటకంఠుడు. "ఈ మిట్టమధ్యాహ్నం రాజవంశపు నెత్తురుతో ఆ రెండు కొమ్ములకూ పూత పూస్తే మణిమంత కోటగోడ దీని తాకిడికి ఆగదు. ఇక జల్లించే పని నీది. తీసుకురండి వాణ్ణి!"

యువరాజు హేమకేతుణ్ణి నలుగురు భటులు లాక్కొచ్చి నడిస్తంభానికి కట్టారు. ఇరవై రెండేళ్ళవాడు. పదిహేను రోజుల పస్తు అతని బుగ్గలను తీసుకుపోయింది గాని మెడ వంచలేకపోయింది. పీట మీదున్న మనిషిని చూశాడు. మీసం లేకపోయినా గుర్తుపట్టాడు. పెదవి కదపలేదు.

"కట్లు విప్పి మాట్లాడు, కుండగొంతూ!" అన్నాడు మాంత్రికుడితో. "నా తండ్రి సభలో బిచ్చగాడు కూడా ఎదురుగా నిలబడి మాట్లాడతాడు."

ఘటకంఠుడు తాళపత్రం ఒకటి ఏరుకుని గొంతు సవరించుకున్నాడు.

"చండశిలా! ఈ సూర్యుణ్ణి అస్తమింపజెయ్!"

భూతం కిటికీలోంచి ఆకాశం వైపు చెయ్యి చాచింది. ఎండ ఒక్కసారి మసకబారింది. "సూటిమాటా? అలంకారమా?"

"అలంకారం" అన్నాడు బాచన. "యువరాజు సూర్యుడు అంటే రూపకం. ఇక్కడ యువరాజు పేరు పూర్తిగా మింగేసి సూర్యుణ్ణి మాత్రం మిగిల్చారు. రూపకాతిశయోక్తి. చెయ్యి దించు."

చెయ్యి దిగింది. ఎండ వచ్చింది.

"దీపాన్ని ఆర్పినట్టు ఆర్పెయ్ వీణ్ణి!"

"ఉపమ."

"వీడి ఆయువనే తీగను తెంచు!"

"రూపకం. తీగ కోసం వెతకవద్దు."

భూతం కదలకుండా నిలబడింది. కిటికీలోంచి పడే ఎండ గుమ్మం వైపు జరిగింది. జారిపడ్డ చోటు నుంచి మంత్రి లేచి, తలపాగా సర్దుకుంటూ, మెల్లిగా అన్నాడు: "ప్రభూ, వేళ మించిపోతోంది. 'వీణ్ణి చంపు' అంటే మూడు క్షణాల పని."

"నాకు మాట నేర్పుతావురా!" అని అరిచాడు ఘటకంఠుడు. "పాలు పితికేవాడిలా మాట్లాడమంటావా నన్ను? యువరాజు చావుకు ఒక పద్యమైనా ఉండవద్దూ?"

అయినా వేళ చూసుకున్నాడు. తాళపత్రాలు విసిరికొట్టాడు. రెండు చేతులూ నడుమున పెట్టి, నగలన్నీ ఒలిచిన గొంతుతో మొదలుపెట్టాడు.

"చండశిలా. ఈ యువరాజు తలను..."

బాచన పీట కోళ్ళు పట్టుకున్నాడు. ఆ మాట పూర్తయితే అతను చెప్పగలిగింది ఒక్కటే. అబద్ధమాడితే భూతం తనను తింటుంది, తర్వాత యువరాజును చంపుతుంది. నిజం చెబితే వరస ఒక్కటే మారుతుంది.

అప్పుడు సభలో నవ్వు వినిపించింది. మంద కాసే ఆడది, గట్టు ఇవతలి నుంచి అవతలికి వినపడేలా నవ్వే నవ్వు.

"ఎవరే అది?"

"నేనేనయ్యా, పులిసిన పెరుగుదాన్ని" అంది గౌరసాని కుండ చంకనెత్తుకుని ముందుకు వస్తూ. "కట్టేసినోణ్ణి చంపడానికి కూడా నీకు భూతం కావాలా? మా ఊళ్ళో మూడేళ్ళ పిల్ల పొట్టేలు కొమ్ములు పట్టుకుంటాది. నువ్వు పొట్టేలు మీద కూర్చుని కూడా దాని గొలుసు పట్టలేవు. దానికీ భూతమే. పెరుగు పులవడానికీ భూతమే. అన్నం కలిపి పెట్టేది కూడా ఇదేనా? రాత్తిరి దుప్పటి కప్పేది?"

గుమ్మం దగ్గర ఒక భటుడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుతో పని జరిగిపోయింది.

ఘటకంఠుడి గొంతు రెండింతలు ఉబ్బింది. కత్తి దూశాడు. "చూడు మరి! నాకు ఈ భూతం సాయం అక్కర్లేదు!"

అని స్తంభం వైపు అడుగు వేశాడు.

భూతం తల తిప్పింది. తన నాలుగు వందల ఏళ్ళ బతుకులో అది అంత నెమ్మదిగా ఎన్నడూ తల తిప్పలేదు. చూపు మాంత్రికుడి మీద లేదు. బంగారు పీట మీద ఉంది.

"సూటిమాటా?" అంది. "అలంకారమా?"

ఘటకంఠుడి అడుగు గాలిలో ఆగింది.

"అలంకారం!" అని అరిచాడు. "అతిశయోక్తి! కోపంలో అన్నాను! చెప్పు శబ్దవేదీ!"

బాచన లేచి నిలబడ్డాడు. తన సభలో లేచినట్టే లేచాడు. పంచె కుచ్చెళ్ళు సవరించుకున్నాడు. తొందర పడలేదు.

"ఈ మాటలో పోలిక ఉందా? లేదు. ఒకదాన్ని ఇంకొకటిగా చెప్పడం ఉందా? లేదు. ప్రాణం లేనిదానికి ప్రాణం పోశారా? పోయలేదు. లోకంలో కుదరని గొప్ప ఏదైనా ఉందా? లేదు. భూతం సాయం లేకుండా కోట్లమంది బతుకుతున్నారు. డంబం వేరు, అతిశయోక్తి వేరు. కోపంలో అన్న మాటకు కోపం ఉంటుంది, నగ ఉండదు." అతని గొంతు మంటపం కప్పుకు తగిలింది. "నా పేరు శబ్దవేది కాదు. మణిమంత జల్లెడ కొలువు బాచనను. నా పీట మీద ఆన చెబుతున్నాను. ఇది సూటిమాట!"

భూతం ముందుకు వంగి బాచన నోటి దగ్గర గాలి పీల్చింది. తర్వాత ఘటకంఠుడి నోటి దగ్గర పీల్చి మూతి ముడుచుకుంది.

"కంపు" అంది. "అన్నప్పుడు నిజంగానే అన్నావు."

ఎడమచెయ్యి తెరిచింది. గొలుసు గలగలా రంధ్రంలోకి జారిపోయింది. చండశిల తూర్పు గోడలోంచి, తలుపు తీసుకునే పని కూడా పెట్టుకోకుండా, నడిచి వెళ్ళిపోయింది. గోడలో మనిషికి పదింతల కన్నం మిగిలింది. దాంట్లోంచి ఆకాశం కనిపించింది.

మరుక్షణం ఆ ఆకాశం కిందికి జారింది. పొట్టేలు లేచింది.

వెనక కాళ్ళు ముందు లేచాయి. సభంతా తలకిందులైంది. పగడాల గుత్తులు వడగళ్ళలా రాలాయి. ఘటకంఠుడు పడుతూ లేస్తూ కత్తితో యువరాజు మీదికి ఉరికాడు. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఆయుధం పట్టని బాచన, చేతికి దొరికిన బంగారు పీటను రెండు చేతులా ఎత్తి అడ్డం పెట్టాడు. కత్తి పీటలో దిగి ఇరుక్కుంది. గౌరసాని పెరుగు కుండను స్తంభానికేసి కొట్టింది. పెరుగులో దాచిన ఉన్ని కత్తెరను పెంకుల్లోంచి తీసి ఒక్క కొరుకుతో యువరాజు కట్లు తెంచింది. హేమకేతుడు పదిహేను రోజుల కోపమంతా ఒక్క కాలిలో పెట్టి తన్నాడు. మాంత్రికుడు భూతం చేసిన కన్నంలోంచి బయటికి ఎగిరిపోయాడు.

"చచ్చాడు!" అన్నాడు బాచన.

హేమకేతుడు వంగి చూశాడు. "లేదు. ఉన్ని పట్టుకున్నాడు. తోక దగ్గర వేలాడుతున్నాడు."

కోట విరిగిపోతోంది. స్తంభాలు ఒక్కొక్కటే ఊడి అడవి మీద పడుతున్నాయి. ముగ్గురూ కొమ్ము మెలిక వెంబడి పాకి, తుమ్మచెట్లు మొలిచిన నెత్తి దాటి, చెవి దగ్గరికి చేరారు. కింద మహారణ్యం గడ్డిలా నలుగుతోంది. పొట్టేలు పడమటికి పరుగు తీస్తోంది. గౌరసాని ఆ చెవి అంచు పట్టుకుని, చేతులు నోటికి అడ్డం పెట్టి, మందను మలిపే కూత ఒకటి వేసింది. కొండంత తల ఆమె కూతకు ఉత్తరానికి తిరిగింది. ఆమె రెండో కూత వేసింది. అది బుద్ధిగా తల వంచి పరుగు పెంచింది.

హేమకేతుడు ముందుకు చూసి బిగుసుకుపోయాడు. ఎదురుగా పాతాళగండి. క్రోసెడు వెడల్పు, అడుగు లేని లోతు. దాని అవతల గట్టు మీద మణిమంత పొలిమేర రాళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఆపగలవా తల్లీ?"

"ఆపగలను. ఆపను. ఆగితే ఆ తోక దగ్గరోడు ఎక్కొస్తాడు. ఇదిగో, ఇప్పుడే సగం వీపు ఎక్కాడు. గట్టిగా పట్టుకో నాయనా."

యువరాజు ఉన్నిలో మోచేతుల దాకా చేతులు దూర్చాడు. బాచన నిలబడటానికి కూడా చోటు లేక, కత్తి దిగిన పీటను ఇంకా వదలక, చెవి అంచున ఊగుతున్నాడు. గండి నూరు బారల దూరంలో ఉంది.

"గౌరసానక్కా" అన్నాడు. గాలికి అతని మాట చిరిగిపోయింది. మళ్ళీ అరిచాడు. "అక్కా! ఆ రోజు సభలో నేను నీ మాట... నన్ను మన్నిస్తావా?"

ఆమె అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ పరుగులో అంతసేపు చూడటానికి వ్యవధి లేదు, అయినా చూసింది.

"మన్నించను" అంది. "ఈ జన్మకు మన్నించను. ఆ పీట పారేసి చెయ్యియ్యి."

బంగారు పీట గాలిలో మెరుస్తూ కిందికి పోయింది. నలభై ఏళ్ళు ఉన్ని కత్తిరించిన చెయ్యి అతని మణికట్టును ఇనుపకట్టులా బిగించింది. వెనక వీపు మీద, తుమ్మచెట్ల నడుమ, ఎముకల దండ ఒకటి గలగలలాడుతూ దగ్గరవుతోంది. గౌరసాని మూడో కూత వేసింది.

కొండ నేల విడిచింది.